కారు బుర్రలో నాలుగు నంబర్లు

మన దగ్గర "ట్యూనింగ్" అనే మాట కొత్తదేం కాదు. బండి ఆగాగి పోతుంటే మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్తాం. ఆయన కార్బురేటర్ పక్కనున్న చిన్న స్క్రూని పావు చుట్టు అటో ఇటో తిప్పి, ఒకసారి రేజ్ చేసి, చప్పుడు విని, "గిప్పుడు మంచిగైంది, తీస్కపో" అంటాడు. ఆ స్క్రూ చేసే పని ఒక్కటే: గాలిలో ఎంత పెట్రోల్ కలవాలో చెప్పడం. ఆయనకి కొలత చెవే, ల్యాబ్ కూడా చెవే.

ఇప్పటి కార్లలో ఆ స్క్రూ లేదు. దాని బదులు ఇంజన్ పక్కన ఒక అల్యూమినియం డబ్బా ఉంటుంది. పేరు ఈసీయూ, అంటే ఇంజన్ కంట్రోల్ యూనిట్. లోపల ఒక మైక్రోకంట్రోలర్, కొంచెం ఫ్లాష్ మెమరీ, ఆగకుండా తిరిగే ఒక లూప్. మనం ఫస్టియర్‌లో సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో రాసిన వైల్ లూప్‌కి ఇది పెద్దన్న లాంటిది. స్క్రూ తిప్పే పని పోయి నంబర్లు మార్చే పని వచ్చింది. దాన్నే రీమ్యాప్ అంటున్నారు. హైదరాబాద్‌లో లాప్‌టాప్ పట్టుకుని ఈ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి ఎక్కితే మధ్యాహ్నానికల్లా పని చేయించుకుని రాత్రికి ఇంటికి రావచ్చు.

ఇదంతా నేనెందుకు చదవాల్సి వచ్చిందంటే, మా బావ వల్ల. మా అక్క వాళ్లది ఆదిలాబాద్. బావ పత్తి వ్యాపారం చేస్తాడు, నిర్మల్, జగిత్యాల మీదుగా కరీంనగర్‌కి నెలలో నాలుగైదు సార్లు వస్తాడు. ఆయన కొన్నది ఒక చిన్న టర్బో పెట్రోల్ కారు. స్పోర్ట్స్ కార్ అనగానే మీకు ఫెరారీ గుర్తొస్తుందేమో గానీ, మన జిల్లాల్లో స్పోర్ట్స్ కార్ అంటే ఇదే. చూడ్డానికి మామూలు హ్యాచ్‌బ్యాక్, కాలు గట్టిగా వేస్తే మాత్రం వీపు సీటుకి అతుక్కుంటుంది. దసరాకి ఇంటికొచ్చినప్పుడు అడిగాడు: "బామ్మర్దీ, నువ్వు కంప్యూటర్సే చదువుతున్నవ్ గదా. కారు కంప్యూటర్ల నాలుగు నంబర్లు మారిస్తె ముప్పై హార్స్‌పవర్ పెరుగుతదట. హైదరాబాద్ల ముప్పై వేలు అడుగుతున్నరు. నువ్వు జేస్తవా, లేకుంటె ఆడికే పొమ్మంటవా?"

కారుకి ఇంకా ఏడాదిన్నర వారంటీ ఉంది. లోన్ ఇంకా మూడేళ్లుంది. "చూసి చెప్తా బావా" అన్నాను. ఆ చూడటానికి రెండు నెలలు పట్టింది. అందులో మన క్లాసులకి కూడా పనికొచ్చేది చాలా కనిపించింది కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఇంగ్లీష్ మీడియం పిల్లాణ్ణి, తెలుగులో టెక్నికల్ మాటల దగ్గర తడబడితే సర్దుకోండి. "కాలిబ్రేషన్"కి తెలుగు మాట వెతికి వెతికి అలిసిపోయి అలాగే ఉంచేశా.

మ్యాప్ అంటే మనకి తెలిసిన 2డీ ఎర్రేనే

రీమ్యాప్‌లో "మ్యాప్" అంటే గూగుల్ మ్యాప్ లాంటిది కాదు, ఒక టేబుల్. అడ్డంగా ఇంజన్ స్పీడు (ఆర్‌పీఎం), నిలువుగా ఇంజన్ మీద పడుతున్న బరువు (లోడ్). 16 అడ్డ వరసలు, 16 నిలువు వరసలు అనుకుంటే 256 గళ్లు. ఒక్కో గడిలో ఒక నంబర్. స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు వెయ్యాలి అనేది ఒక టేబుల్, ఎంత పెట్రోల్ కొట్టాలి అనేది ఇంకో టేబుల్, టర్బో ఎంత గాలి నెట్టాలి అనేది మరొకటి. ఇలాంటివి ఒక ఈసీయూలో వందలు, కొత్త వాటిలో వేలు ఉంటాయి.

మరి 2250 ఆర్‌పీఎం దగ్గర గడి లేకపోతే? 2000 దగ్గర 20 డిగ్రీలు, 2500 దగ్గర 24 డిగ్రీలు అని రాసి ఉంటే మధ్యలో 22 అని లెక్క కడుతుంది. రెండు వైపులా ఇదే చేస్తే బైలీనియర్ ఇంటర్‌పోలేషన్. మ్యాథ్స్‌లో "ఇది ఎక్కడ పనికొస్తుంది సార్" అని అడిగేవాళ్లందరికీ జవాబు ఇక్కడుంది. (ఈ డిగ్రీలు ఉదాహరణకి నేను వేసుకున్నవి, ఏ కారువీ కావు.)

కొత్త ఈసీయూలు ఇంకో మెట్టు పైకెళ్లాయి. మీరు యాక్సిలరేటర్ తొక్కితే అది నేరుగా గాలి తలుపు తెరవదు. "డ్రైవర్ ఇంత టార్క్ అడుగుతున్నాడు" అని ఒక రిక్వెస్ట్ వెళ్తుంది. గేర్‌బాక్స్ ఎంత తట్టుకుంటుంది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది, చక్రాలు జారుతున్నాయా అని రకరకాల లిమిట్లు చూసి, వాటిలో అన్నిటికంటే తక్కువది ఇస్తుంది. రీమ్యాప్ చేసేవాడు ప్రధానంగా ఈ లిమిట్లని పైకి జరుపుతాడు. అంటే బావ అనుకున్నట్టు "పవర్ పెంచే నంబర్" అంటూ ఒకటి లేదు. "ఇక్కడ ఆగు" అని రాసిన బోర్డులున్నాయి. వాటిని ఒక్కొక్కటే పీకాలి.

రాయడానికి దారి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్. టూల్ తగిలించగానే ఈసీయూ ఒక యాదృచ్ఛిక నంబర్ ఇస్తుంది, దాన్ని సీడ్ అంటారు. టూల్ ఆ నంబర్‌ని ఒక రహస్య ఫార్ములాలో వేసి జవాబు పంపాలి, అది కీ. సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది. పాత కార్లలో ఆ ఫార్ములాలు ఎప్పుడో బయటపడ్డాయి. కొత్త వాటిలో ఫైల్ మీద కంపెనీ డిజిటల్ సంతకం కూడా ఉండాలి. అందుకే కొన్నిటికి డబ్బా ఊడదీసి, మూత తెరిచి, బోర్డు మీద వైర్లు పెట్టి రాస్తున్నారు. మూత తెరిచిన ఆనవాళ్లు దాచడం అంత తేలిక కాదు, వారంటీ దగ్గర ఇది మళ్లీ వస్తుంది.

కంపెనీ అంత పవర్ ఎందుకు వదిలేసింది?

ఇది బావ అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది. "ఇంజన్ల దమ్ముంటె ఆల్లే ఇయ్యాల్సింది గదా?"

అదే ఇంజన్ లద్దాఖ్ చలిలో స్టార్ట్ అవ్వాలి, మే నెలలో రామగుండంలో 45 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని నలుగురితో పోవాలి. ఏ ఊరి బంకులో ఏ పెట్రోల్ పడినా నడవాలి. సర్వీసింగ్ ఆరు నెలలు ఆలస్యం చేసే ఓనర్ చేతిలో కూడా బతకాలి. ఆ వదిలేసిన భాగం దాచిపెట్టిన పవర్ కాదు, అది ఇలాంటి రోజుల కోసం తీసిపెట్టిన ధాన్యం. టర్బో ఇంజన్‌లో అది ఎక్కువ, అందుకే రీమ్యాప్‌తో బాగానే పెరుగుతుంది. టర్బో లేని ఇంజన్‌లో నంబర్లు ఎంత మార్చినా పెరిగేది కొంచెమే, లోపలికి వచ్చే గాలే అంత కాబట్టి.

"ఒకటే ఇంజన్, ఒకదాంట్ల 75, ఇంకోదాంట్ల 90. సాఫ్ట్‌వేర్ ఒక్కటే తేడా" అని చాలామంది చెప్పే ఉదాహరణ ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్. స్విఫ్ట్, డిజైర్‌లో 75 పీఎస్, ఎర్టిగా, సియాజ్‌లో 90 పీఎస్. దేశమంతా అంతగా తిరిగిన డీజిల్ ఇంకోటి లేదేమో. కానీ చూస్తే 75 దాంట్లో మామూలు టర్బో, 90 దాంట్లో రెక్కల కోణం మారే వేరియబుల్ జామెట్రీ టర్బో. సాఫ్ట్‌వేర్ తేడా ఉంది, ఇనుములోనూ తేడా ఉంది. వాట్సాప్‌లో మొదటి సగమే తిరుగుతుంది.

ఇంకో సంగతి గేర్‌బాక్స్. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ వాళ్ల ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, పేరు డీక్యూ200, 250 న్యూటన్ మీటర్ల దాకా అని డిజైన్ చేసింది. 175 ఇచ్చే ఇంజన్ ముందు అది నిశ్చింతగా ఉంటుంది. రీమ్యాప్ చేసి 230, 240కి తీసుకెళ్తే లెక్క ప్రకారం ఇంకా లోపలే. కానీ నిర్మల్ దగ్గర ఘాట్ ఎక్కుతూ లారీ వెనకాల నిమిషానికోసారి ఆగి కదిలే క్లచ్‌కి ఆ లెక్క తెలియదు.

పెట్రోల్ విషయం కూడా ఉంది. మార్కెట్లో దొరికే రెడీమేడ్ ఫైళ్లు చాలావరకు యూరప్‌లో 98 ఆక్టేన్ పెట్రోల్ మీద చేసినవి. మన దగ్గర మామూలు పెట్రోల్ చాలా ఏళ్లు 91. స్పార్క్ ఎక్కువ ముందుకి జరిపి తక్కువ ఆక్టేన్ పోస్తే మిశ్రమం తనంతట తానే పేలుతుంది, దాన్ని నాకింగ్ అంటారు. నాక్ సెన్సర్ విని వెంటనే స్పార్క్ వెనక్కి లాగుతుంది. అంటే ముప్పై వేలు పెట్టి కొన్న పవర్‌ని ఎండాకాలంలో అదే కంప్యూటర్ తిరిగి తీసుకుంటుంది. డైనో షీటు మీద కనిపించే నంబర్ ఏసీ గదిలోది అనుకోండి, ఇచ్చోడ దాటాక రోడ్డు మీద కనిపించేది వేరు.

"మల్ల పాతదే ఎక్కిస్తె ఎవరికి తెలుస్తది?"

అందరూ చెప్పే మాట ఇది. సర్వీసింగ్‌కి ముందు పాత ఫైల్ ఎక్కించి ఇచ్చేస్తే సరి. సీఎస్ఈ వాళ్లం కాబట్టి దీన్ని లాగ్ ఫైల్ కోణంలో చూద్దాం.

మొదటిది, చాలా ఈసీయూల్లో ఫ్లాష్ కౌంటర్ ఉంటుంది. రాసిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. పాతది ఎక్కించడం కూడా రాయడమే, కాబట్టి అప్పుడూ పెరుగుతుంది. కంపెనీ సర్వర్‌లో "ఈ కారుని మేము రెండుసార్లు అప్‌డేట్ చేశాం" అని ఉండి, కారులో నాలుగు అని ఉంటే మిగతా రెండు ఎవరివి? గిట్‌లో కమిట్ వెనక్కి తిప్పితే ఆ తిప్పినట్టు ఇంకో కమిట్ పడుతుంది కదా, అలాంటిదే.

రెండోది సీవీఎన్, అంటే కాలిబ్రేషన్ వెరిఫికేషన్ నంబర్. పొగకి సంబంధించిన డేటా మొత్తం మీద ఈసీయూ తనే లెక్కగట్టుకునే చెక్‌సమ్. ఒక్క గడి మారినా ఇది మారుతుంది. ఓబీడీలో తొమ్మిదో మోడ్ అడిగితే చెప్పేస్తుంది. మూడోది, రికార్డులు. గరిష్ఠంగా వచ్చిన టర్బో ప్రెషర్, టార్క్ లాంటివి కొన్ని కార్లు గుర్తుపెట్టుకుంటాయి. 1.2 బార్ దాటకూడని కారులో 1.6 అని రాసి ఉంటే ఇక వాదన లేదు. డీలర్ టూల్ తగిలించగానే ఇవన్నీ కంపెనీ సర్వర్‌కి వెళ్తాయి. ఫోక్స్‌వ్యాగన్, ఆడి లాంటి వాటిలో తేడా దొరికితే కారు నంబర్ మీద "టీడీ1" అనే గుర్తు పడుతుంది. అది ఆ ఒక్క షోరూంలో కాదు, ఎక్కడికెళ్లినా కనిపిస్తుంది.

"ట్యూనింగ్ బాక్స్" అని ఇంకో రకం ఉంది. ఈసీయూని ముట్టుకోరు, సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్యలో చిన్న డబ్బా పెట్టి అబద్ధం చెప్పిస్తారు. ప్రెషర్ 1.4 ఉంటే 1.2 అని చెప్తుంది, ఈసీయూ నమ్మి ఇంకా పెంచుతుంది. పీకేస్తే ఫ్లాష్ కౌంటర్‌లో ఏమీ ఉండదు. కానీ ఒక సెన్సర్ చెప్పింది ఇంకో సెన్సర్‌తో కలవకపోవడం, పెట్రోల్ కరెక్షన్లు ఒక వైపే ఉండటం లాంటివి మిగిలిపోతాయి. నాకైతే రెండిటిలో ఇదే ఎక్కువ భయంగా ఉంది, సాఫ్ట్‌వేర్ తను ఏం చేస్తోందో తనకే తెలియకుండా నడుస్తుంది కాబట్టి.

బావ ఫ్రెండ్ ఒకాయన మంచిర్యాలలో ఇదంతా అనుభవించాడు. పేర్లు వద్దు. రీమ్యాప్ చేయించిన ఏడు నెలలకి టర్బో పోయింది. ముందు జాగ్రత్తగా పాత ఫైల్ ఎక్కించుకునే వెళ్లాడు. మూడు రోజుల తర్వాత "మాడిఫైడ్ సాఫ్ట్‌వేర్, వారంటీ వర్తించదు" అని మెయిల్ వచ్చింది. లక్ష దాటిన బిల్లు. ఆ టర్బో రీమ్యాప్ వల్లనే పోయిందా, పోవాల్సి ఉండి పోయిందా అనేది ఆయనకీ తెలియదు, వాళ్లకీ తెలియదు. ఆ తెలియకపోవడం ఎవరి జేబులోంచి పోతుంది అన్నదే వారంటీ అసలు ప్రశ్న.

అమెరికాలో దీనికి 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ఉంది. వేరే కంపెనీ పార్ట్ వాడినంత మాత్రాన వారంటీ మొత్తం పోయిందనడానికి వీల్లేదు, నష్టం దానివల్లే జరిగిందని కంపెనీ చూపించాలి. యూట్యూబ్‌లో "వారంటీ పోదు బ్రో" అనే వీడియోలు చాలావరకు ఈ చట్టాన్ని మనసులో పెట్టుకుని చేసినవి. మన దేశంలో అచ్చంగా అలాంటి చట్టం లేదు. మనకున్నది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. కరీంనగర్‌లోనే జిల్లా కమిషన్ ఉంది, కేసు వేయొచ్చు. కానీ అదే చట్టంలో 87వ సెక్షన్ చదవండి: హాని జరిగిన సమయానికి వస్తువుని మార్చి ఉంటే, అమ్మినవాడి మీద ప్రొడక్ట్ లయబిలిటీ దావా కుదరదు అంటుంది. వారంటీ పుస్తకంలో ఎలాగూ "అనుమతి లేని మార్పులు" అనే లైను ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా మార్పు ముందే చెప్పాలి. చెప్పకపోతే యాక్సిడెంట్ రోజున వాళ్ల సర్వేయర్‌కి ఒక కారణం చేతికిచ్చినట్టే.

ఇక ఆర్టీఏ వైపు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. "కంటికి కనపడని మార్పు కదా" అంటారు. మీ ఇంట్లో ఆర్సీ స్మార్ట్ కార్డ్ తీసి చూడండి, క్యూబిక్ కెపాసిటీ పక్కన హార్స్‌పవర్ అచ్చేసి ఉంటుంది. రీమ్యాప్ మార్చేది సరిగ్గా ఆ నంబర్‌నే.

పొగ సంగతి

వారంటీ బావ జేబుకి సంబంధించింది. పొగ అలా కాదు, అది వెనకాల స్కూటీ మీద వచ్చేవాళ్లది.

పెట్రోల్ కారు సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన తేనెపట్టు లాంటి ముక్క. కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి, నత్రజని ఆక్సైడ్లు, ఈ మూడిటినీ ఒకేసారి శుభ్రం చేస్తుంది. కానీ ఒక షరతు: ఒక కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి, అటూ ఇటూ ఒక శాతం కంటే తేడా రాకూడదు. ఈ నిష్పత్తిని లాంబ్డా 1 అంటారు. పెట్రోల్ ఎక్కువైతే మోనాక్సైడ్‌ని కాల్చడానికి ఆక్సిజన్ ఉండదు. గాలి ఎక్కువైతే నత్రజని ఆక్సైడ్లు అలాగే బయటికి పోతాయి. ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ నిమిషం ఖాళీ లేకుండా ఈ త్రాసుని సరిచేస్తూ ఉంటుంది.

నిజాయితీగా చెప్పాలంటే, జాగ్రత్తగా చేసిన స్టేజ్ 1 రీమ్యాప్, అంటే పార్టులు మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చింది, 80 స్పీడులో నింపాదిగా పోతున్నప్పుడు పొగని పెద్దగా మార్చదు. అప్పుడు లాంబ్డా 1 దగ్గరే నడుస్తుంది. తేడా వచ్చేది కాలు అణిచినప్పుడు. టర్బో ఎక్కువ నెట్టినప్పుడు ఎగ్జాస్ట్ మరీ వేడెక్కకుండా పెట్రోల్ ఎక్కువ పోస్తారు, మోనాక్సైడ్ ఒక్కసారిగా పెరుగుతుంది. స్పార్క్ ముందుకి జరిపితే లోపల మంట వేడి పెరిగి నత్రజని ఆక్సైడ్లు పెరుగుతాయి. కానీ రీమ్యాప్ చేయించేది నింపాదిగా పోవడానికి కాదు కదా.

స్టేజ్ 2 వేరే కథ. క్యాటలిటిక్ కన్వర్టర్‌నే తీసేస్తారు. దాంతో వెనకున్న సెన్సర్ "కన్వర్టర్ పనిచేయట్లేదు" అని చెక్ ఇంజన్ లైట్ వేస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ చెకింగ్‌నే ఆపేస్తారు. టెస్ట్ కేస్ ఫెయిల్ అవుతుంటే టెస్ట్ కేస్‌ని కామెంట్ చేసినట్టు. (ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ముందురోజు ఈ పని చేసేవాళ్లు మన క్లాసులో ఎవరో అందరికీ తెలుసు.) గేర్ మార్చినప్పుడు తుపాకీ పేలినట్టు "పాప్స్ అండ్ బ్యాంగ్స్" కావాలంటే కాలాల్సిన పెట్రోల్‌ని కావాలనే సైలెన్సర్‌లోకి పంపి అక్కడ కాల్చాలి. ఆ వేడికి కన్వర్టర్ ఎక్కువ కాలం ఉండదు. డీజిల్లో ఇదే పని డీపీఎఫ్ తీసేయడం. మసిని పట్టి 600 డిగ్రీల దగ్గర కాల్చేసే ఫిల్టర్ అది. ఊళ్లోనే తిరిగే బండికి అంత వేడి రాదు, జామ్ అవుతుంది. హైవే మీద అరగంట తోలితే తీరే సమస్యకి ఫిల్టర్‌నే కోసి పారేస్తున్నారు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 లెక్కలు చూడండి. డీజిల్ కారు కిలోమీటర్‌కి వదలగలిగే నత్రజని ఆక్సైడ్లు బీఎస్-4లో 250 మిల్లీగ్రాములు, బీఎస్-6లో 80. మసి 25 నుంచి 4.5కి దిగింది. పెట్రోల్, డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గించారు. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశలో ల్యాబ్‌లోనే కాదు, రోడ్డు మీద కూడా కొలవాలి అన్నారు. ఇంత కష్టపడి తగ్గించిందంతా ఆ టేబుళ్ల గళ్లలోనే ఉంది.

మరి పీయూసీ సెంటర్‌లో పట్టుకోరా? పెట్రోల్ బండి నిలబెట్టి, గొట్టం పెట్టి, మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్ అయితే యాక్సిలరేటర్ తొక్కి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. నత్రజని ఆక్సైడ్లని అసలు కొలవరు. లోడ్ మీద కొలవరు. సీవీఎన్ అడగరు. కాబట్టి స్టేజ్ 1 కారు పీయూసీలో దర్జాగా పాసవుతుంది. పాసయింది కాబట్టి పొగ పెరగలేదు అనుకోవడం, కారు ఆగి ఉన్నప్పుడు స్పీడోమీటర్ చూసి ఓవర్‌స్పీడ్ చేయలేదు అన్నట్టు. సెక్షన్ 190లో పొగ ప్రమాణాలు దాటితే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు అని ఉంది గానీ, దాటినట్టు చూపించే మెషిన్ రోడ్డు పక్కన లేదు.

బావ దీనికి ఒక వాదన పెట్టాడు, అందరూ పెట్టేదే. "గా ఎన్‌టీపీసీ పొగ ముంగట నా కారు పొగ ఎంతరా?" రామగుండంలో 2,600 మెగావాట్ల ప్లాంట్ పక్కన ఇంకో 1,600 మెగావాట్లది కూడా వచ్చింది, కాదనను. కానీ ఆ చిమ్నీలు అంత ఎత్తు కట్టింది పొగ దూరంగా పలచబడాలనే. కారు గొట్టం నేల నుంచి జానెడు పైన ఉంటుంది, మంకమ్మతోట సిగ్నల్ దగ్గర ఆగితే సరిగ్గా స్కూల్ పిల్లల ముక్కు దగ్గర. పైగా ప్లాంట్ కరెంట్ ఇస్తుంది. బావ నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఇఫ్ స్టేట్‌మెంట్

ఇక్కడిదాకా ఓనర్లు చేసే మార్పు గురించి. కంపెనీయే చేస్తే?

2013లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో ఒక చిన్న టీం డీజిల్ కార్లకి పొగ కొలిచే మెషిన్ తగిలించి కాలిఫోర్నియా రోడ్ల మీద తిప్పింది. టీంలో అప్పటికి స్టూడెంట్లు, కుర్ర రీసెర్చర్లు: అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న, మార్క్ బెష్. మొదటి ఇద్దరూ మన దేశం నుంచి వెళ్లినవాళ్లు. ఫోక్స్‌వ్యాగన్ జెట్టా నత్రజని ఆక్సైడ్లు పరిమితికి 15 నుంచి 35 రెట్లు, పసాట్ 5 నుంచి 20 రెట్లు వచ్చాయి. అవే కార్లు ల్యాబ్‌లో పాస్. మెషిన్ తప్పేమో అని ముందు తమనే అనుమానించుకున్నారట. 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నోటీసు ఇచ్చింది. అందులో ఉన్నది చదివితే మనకి చాలా మామూలుగా అనిపిస్తుంది: స్టీరింగ్ స్థానం, స్పీడు, ఇంజన్ ఎంతసేపటి నుంచి నడుస్తోంది, గాలి పీడనం, వీటిని చూసి సాఫ్ట్‌వేర్ "ఇది టెస్ట్" అని కనిపెట్టేది. చక్రాలు తిరుగుతూ స్టీరింగ్ కదలట్లేదంటే అది ల్యాబే. ఇఫ్ టెస్ట్, శుభ్రంగా నడువు. ఎల్స్, నీ ఇష్టం. ప్రపంచమంతా కోటీ పది లక్షల కార్లలో ఆ కోడ్ ఉంది.

మన దేశంలో 2015 డిసెంబర్‌లో ఆ గ్రూప్ ఈఏ189 ఇంజన్ ఉన్న 3.23 లక్షల ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కార్లని సాఫ్ట్‌వేర్ మార్చడానికి వెనక్కి పిలిచింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేసింది, ఆ తర్వాత సుప్రీంకోర్టు కఠిన చర్యలు వద్దని ఆపింది. అమెరికాలో మాత్రం జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీర్‌కి 2017 ఆగస్టులో 40 నెలల జైలు, రెండు లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. ఆయన సీఈఓ కాదు. మీటింగ్‌లో చెప్పిన పని చేసిన ఇంజనీర్. ప్లేస్‌మెంట్స్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఆయన నాకు అప్పుడప్పుడు గుర్తొస్తున్నాడు.

ఇందులో నన్ను బాగా ఇరుకున పెట్టింది ఇంకొకటి. అదే 2015లో అమెరికాలో "కారు ఓనర్‌కి తన కారు సాఫ్ట్‌వేర్ తెరిచి చూసే హక్కు ఉందా" అని కాపీరైట్ చట్టం కింద చర్చ జరిగింది. జులైలో ఈపీఏ వద్దంది, ఓనర్లు తెరిస్తే పొగ నంబర్లు మార్చేస్తారు అని. రెండు నెలలకే కంపెనీయే మార్చిందని అదే ఈపీఏ బయటపెట్టింది. అక్టోబర్‌లో రిపేర్, పరిశోధన, చట్టానికి లోబడిన మార్పుల కోసం అనుమతి వచ్చింది. ఓనర్లని నమ్మలేం, కంపెనీనీ నమ్మలేం. నా ఓటు చదవడానికి అందరికీ అనుమతి ఉండాలి, రాయడానికి మాత్రం పొగ కొలిచి చూపించినవాళ్లకే ఉండాలి అనేదానికి. మన క్లబ్బులో దీన్ని ఒప్పుకోని సీనియర్లు ఇద్దరున్నారు, వాళ్ల వ్యాసం కోసం ఎదురుచూస్తున్నా.

నేను చెప్పిన పద్ధతి ఇప్పటికే ఒకచోట ఉంది కూడా. కాలిఫోర్నియాలో ట్యూనింగ్ కంపెనీ తన ఫైల్‌ని అక్కడి వాయు బోర్డుతో పరీక్ష చేయించుకుంటే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఇస్తారు, ఇక అది చట్టబద్ధం. 2021 జులై 19 నుంచి అక్కడి స్మాగ్ చెక్‌లో సాఫ్ట్‌వేర్ గుర్తులు చూస్తున్నారు, కంపెనీదీ కాక, ఆర్డర్ ఉన్నదీ కాకపోతే కారు ఫెయిల్. ఎంఎస్‌కి వెళ్లి సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ కొనాలని కలలు కంటున్న బ్యాచ్ ఎవరైనా ఉంటే, కొనే ముందు ఈ టెస్ట్ రిపోర్ట్ అడగండి. పాత ఓనర్ చేసిన రీమ్యాప్‌కి మీరు డబ్బు కట్టాల్సి వస్తుంది.

చేసి చూడండి

బావకి రెండే చెప్పాను. నేను చేయను, నా దగ్గర పొగ కొలిచే మెషిన్ లేదు, డైనో లేదు, పోయిన టర్బోకి ఇవ్వడానికి లక్ష లేదు. నువ్వు చేయించుకుంటే వారంటీ అయిపోయాక, కన్వర్టర్ ముట్టుకోని చోట, మన పెట్రోల్ మీదే లాగ్ తీసి రాసేవాళ్ల దగ్గర. అప్పటికీ ఆర్సీ, ఇన్సూరెన్స్ ప్రశ్నలు అలాగే ఉంటాయి. ఇంకా తేల్చుకోలేదు.

మీకు మాత్రం ఒక చిన్న ల్యాబ్. ఇందులో రాయడం లేదు, చదవడమే, కాబట్టి వారంటీకి ఏం కాదు. ఈఎల్ఎం327 అనే బ్లూటూత్ డాంగిల్ ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు కారు ఓబీడీ పోర్టుకి తగిలించి ఫోన్‌లో ఏదైనా ఓబీడీ యాప్ తెరవండి. ముందు కాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్ ఫొటో తీసి పెట్టుకోండి. సర్వీసింగ్ నుంచి వచ్చాక మళ్లీ తీయండి, మారితే వాళ్లు అప్‌డేట్ చేశారని అర్థం, ఏం మార్చారో అడగండి. తర్వాత "లాంగ్ టర్మ్ ఫ్యుయల్ ట్రిమ్" చూడండి. ఈసీయూ తన టేబుల్లో ఉన్నదానికంటే ఎంత శాతం ఎక్కువ తక్కువ పెట్రోల్ పోయాల్సి వస్తోందో అది చెప్తుంది. ఇథనాల్‌కి పెట్రోల్ కంటే తక్కువ గాలి చాలు, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. కాబట్టి ఈ20కి ముందు చేసిన కార్లలో ఈ నంబర్ ప్లస్ వైపు జరగాలి. జరిగిందా లేదా, ఎంత జరిగింది, కారు మోడల్, సంవత్సరం రాసి క్లబ్ గ్రూపులో పెట్టండి. ఇరవై కార్లు వస్తే వచ్చే సంచికలో గ్రాఫ్ వేస్తా.